పంక్తిలో కూర్చోని మనిషి

"కొంచెమే వడ్డిస్తాను సార్. రుచి చూడండి."

లారీ డ్రైవర్ అన్నం గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు వద్దు బాబూ. మీరు తినండి" అన్నాడు కొత్తాయన.

గరిటె కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

ఆ వంటగది పెద్ద ఆసుపత్రి వెనక ఉంది. రోగుల వెంట వచ్చిన వాళ్లకు ఆదివారాలు అక్కడ ఉచితంగా భోజనం పెడతారు. వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది అంతా సేవ చేయడానికి వచ్చినవాళ్లే. లాయరమ్మ ఉల్లిపాయలు కోస్తుంది. దర్జీ అన్నం వారుస్తాడు. డ్రైవర్ బస్తాలు మోస్తాడు. ఒకప్పుడు ఈ డ్రైవర్ మీద కేసు వాదించింది ఈ లాయరమ్మే. ఇప్పుడు పక్కపక్కనే కూర్చుని తింటారు.

చివర్లో అందరూ నేల మీద ఒకే పంక్తిలో కూర్చుని, వండిందే తినాలి. అది లాయరమ్మ పెట్టిన నియమం. గరిటె పట్టుకుని ఫొటో దిగి, ఇంటికెళ్లి భోంచేసే పెద్దమనుషులను చూసి చూసి పెట్టింది.

కొత్తాయన అందరికంటే ముందు వచ్చేవాడు. కూర కలిపేవాడు. ఎంత సెగగా ఉన్నా ఆవిరి మీదికి ముఖం వంచేవాడు. పంక్తి వేసేసరికి మాత్రం గోడకు ఆనుకుని నిలబడేవాడు. తినేవాళ్లను ఒక్కొక్కరినే చూసేవాడు.

"మేం తినడం సినిమానా సార్, అలా చూస్తున్నారు?" అన్నాడు దర్జీ ఒకసారి.

ఆయన నవ్వి తల తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు.

వెనకాల ఆయన్ని 'దొరగారు' అనుకునేవారు.

"ఇంట్లో తినొస్తాడేమోలే" అన్నాడు దర్జీ.

"తినొచ్చినవాడు ఒక్క మెతుకైనా నోట్లో వేసుకోడా? నన్ను గుమ్మం బయట కూర్చోబెట్టి పెట్టినవాళ్లను చూశానన్నా. వాళ్లూ ఇంతే మర్యాదగా మాట్లాడేవాళ్లు. నా చెయ్యి తగిలింది కదా, అదీ సంగతి" అన్నాడు డ్రైవర్.

దర్జీకీ అలాగే అనిపించింది.

తరువాతి ఆదివారం డ్రైవర్ తానే ముద్ద కలిపి ఆయన నోటి దాకా తెచ్చాడు. అందరూ చూస్తున్నారు.

ఆయన పెదవులు బిగించి వెనక్కి జరిగాడు.

డ్రైవర్ ముద్దను పళ్లెంలో పడేసి బయటికి వెళ్లిపోయాడు.

"చూడండి అన్నయ్యగారూ" అంది లాయరమ్మ. గొంతు పెంచలేదు. "ఇక్కడ పని చేసేవాళ్లకు కొదవ లేదు. కలిసి కూర్చునేవాళ్లే కావాలి. పంక్తిలో కూర్చోండి, లేదంటే రావడం మానేయండి."

"పొయ్యి దగ్గర ఉండనివ్వమ్మా, అది చాలు. మీరు తినే వేళకు వెళ్లిపోతాను."

"తినడానికి ఏం అడ్డం?"

ఆయన చెప్పబోయాడు. సగం తిన్న పళ్లేల వంక చూసి ఆగిపోయాడు.

"వెళ్లొస్తానమ్మా" అన్నాడు.

ఎవరూ ఆపలేదు. అందరూ ఆకలి మీద ఉన్నారు.

డ్రైవర్ తిరిగొచ్చి కూర్చున్నాడు. ఆ రోజు కూర బాగా కుదిరిందని అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. దాన్ని కలిపింది ఆయనే. ఆ మాట ఎవరూ అనలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, అందరూ పళ్లేల ముందు కూర్చుని ఉండగా ఒక పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆయన అక్కనని చెప్పింది.

"మా తమ్ముడు పోయాడమ్మా. పోయేముందు మీకు చెప్పి రమ్మన్నాడు."

లాయరమ్మ లేచి నిలబడింది.

"మా మీద కోపంగా ఉండేవారా?"

"కోపమెందుకు? ఎప్పుడూ మీ కబుర్లే. దర్జీ అడిగి మరీ వేయించుకున్నాడట, డ్రైవర్ వేళ్లు నాకాడట. అవి చెప్తున్నప్పుడు చూడాలి వాడి ముఖం."

డ్రైవర్ తల ఎత్తకుండానే అడిగాడు.

"మాతో ఒక్క ముద్ద తినుంటే ఏం పోయేదమ్మా? అంత తక్కువవాళ్లమా మేము?"

ఆవిడ అతని పళ్లెం వంక చూసింది.

"వాడికి మింగే దారి మూసుకుపోయి ఏళ్లయింది నాయనా, పొట్టకు వేసిన గొట్టంలోనే నేను పాలు పోసేదాన్ని, ఆ సంగతి తెలిస్తే మీకెవరికీ ముద్ద దిగదని నన్ను చెప్పనివ్వలేదు."