పదహారు అంకెలు

"మూడు నిమిషాల్లో మొత్తం కక్కేస్తుంది, చూస్తూండండి అత్తయ్యా. మీరు మాత్రం ఊఁ అనకూడదు, ఆఁ అనకూడదు," అంటూ పెద్దకోడలు లాండ్రీ మేడమీది ఇస్త్రీ గది తలుపుకి గడియ పెట్టింది.

అత్తగారు ఉతికిన చొక్కాల గుట్టల మధ్య కూర్చుని కాలర్లకు నంబరు చీటీలు గుచ్చుతోంది. "ఇదేం పరీక్షే? అసలే గిరాకీ వేళ. పిల్ల కింద కౌంటరు దగ్గర ఒక్కతే ఉంది."

పిల్లట, పిల్ల! ఆ మాటకే పెద్దకోడలు ఆవిరి ఇస్త్రీపెట్టెలా బుస్సుమంది. పదకొండేళ్ళుగా ఈ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు వాచింది తనకి. కొట్టు ఫోనూ, బ్యాంకు కార్డూ చేరింది మాత్రం నిన్నగాక మొన్న కాలుపెట్టిన తోడికోడలి చేతికి! అవి రెండూ చిన్న సంచీలో వేసి నడుముకి కట్టుకుని ఆ మహాతల్లి ఇంట్లో తిరుగుతుంటే, తాళాలగుత్తి లేకపోయినా దాని గలగల పెద్దకోడలి చెవుల్లో మోగుతూనే ఉంది.

"జాగ్రత్త గల మనిషనేగా ఇచ్చారు? ఆ జాగ్రత్తేదో మీ చెవులతో మీరే వినండి. ఫోన్లో ఎవడడిగితే వాడికి అన్నీ అప్పజెప్పే రకం అది. అప్పుడైనా ఆ సంచీ నాకిస్తారా?"

అత్తగారు ఇంకో కాలరుకి చీటీ గుచ్చింది. "ఓటీపీతో సహా చెప్పేసిందంటే ఈ పూటే నీ చేతిలో పెడతాను. చెప్పకపోతే మాత్రం మళ్ళీ ఈ ఊసెత్తకూడదు."

"అలాగే. అన్నయ్యా, కానివ్వు."

కిటికీ దగ్గర నిలబడ్డ పెద్దకోడలి అన్న గొంతు సవరించుకున్నాడు. బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం ఆయనది. ఆఫీసరులా మాట్లాడాలంటే మా అన్నయ్య తర్వాతే ఎవరైనా అని చెల్లెలు పట్టుబట్టి రప్పించింది. ఆయన ఫోనులో కొత్త సిమ్ము వేసుకుని, కొట్టు నంబరు కలిపి, స్పీకరు నొక్కాడు.

"దుప్పటి రేపు తప్పకుండా ఇస్తానండీ... హలో, ఎవరూ?" అంది కిందనుంచి చిన్నకోడలు.

"ప్రయాణి... ఖాతాదారులకు నమస్కారం. మీ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మరో పావుగంటలో మీ కార్డు ఆగిపోతోంది."

 చిన్నకోడలి గొంతు వణికింది. "అయ్యో, అయ్యో! ఇది కొట్టు కార్డు సార్. మా అత్తయ్యకి తెలిస్తే నన్ను బతకనిస్తుందా? ఇప్పుడేం చెయ్యాలి?"

పెద్దకోడలు మోచేత్తో అత్తగారిని పొడిచింది.

"కంగారు పడకండి మేడమ్. కార్డు మీదున్న పదహారు అంకెలు చెప్పండి."

"ఒక్క నిమిషం సార్, తీస్తున్నా... ఆఁ, రాసుకోండి."

ఎక్కాలు అప్పజెప్పే బడిపిల్లలా నాలుగేసి అంకెలు విడివిడిగా చదివింది. పెద్దకోడలు చొక్కా చీటీ వెనక వాటిని గబగబా రాసింది. గడువు తేదీ అడిగితే అదీ చెప్పింది. వెనకవైపు మూడంకెలైతే అడగనేలేదు, తనే చెప్పేసింది.

అత్తగారి చేతిలో పిన్నీసు ఆగిపోయింది. "ఇంత వెర్రిదనుకోలేదే," అని గొణిగింది. "చాల్లే, పెట్టెయ్యమను. పాపం, హడలిపోతోంది."

పదకొండేళ్ళ కాళ్ళనొప్పులు ఒక్కసారిగా దిగిపోయినట్టనిపించింది పెద్దకోడలికి. అయినా ఆ 'పాపం' మాత్రం చెవిలో ముల్లులా గుచ్చుకుంది. దొంగకి ఇల్లు చూపించినా దాని మీద జాలేనా?

"ఓటీపీ అన్నారుగా! రేపు నేనేదో మోసం చేశానంటారు. పూర్తిగా కానివ్వండి," అని గుసగుసలాడింది.

ఏదో ఒకటి కొంటేనే కదా ఓటీపీ వచ్చేది! అన్న తన రెండో ఫోనులో చీటీ చూస్తూ ఆ అంకెలన్నీ కొట్టి ఒక బస్సు టికెట్టు తియ్యబోయాడు. అది ఓటీపీ అడిగింది.

"మేడమ్, ఇప్పుడొక ఓటీపీ వస్తుంది. ఆరంకెలు. అది చెప్పారంటే మీ కార్డుకి ఢోకా లేదు."

అవతల ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇస్తున్న చప్పుడు వినిపించింది.

"మేడమ్?"

"చూస్తున్నా సార్, చూస్తున్నా."

పెద్దకోడలు అప్పుడే అత్తగారి ముందు చెయ్యి చాపి నిలబడింది. ఇస్త్రీ బల్ల మీద తన సొంత ఫోను టింగుమంది. ఇంత మంచి గడియలో దాన్నెవరు చూస్తారు?

"నాకైతే రాలేదు అన్నయ్యగారూ," అంది స్పీకరులోంచి చిన్నకోడలు, తీరిగ్గా. "నేను చదివింది అక్క సొంత కార్డు. గడువెప్పుడో కాస్త చూసి చెప్పండంటూ పోయిన నెల ముందూ వెనకా ఫోటోలు తీసి, నలభైమంది ఉన్న మన బంధువుల గ్రూపులో పెట్టిందిగా! ఓటీపీ అక్క ఫోనుకే వచ్చుంటుంది. ఎవరడిగినా చెప్పొద్దనండి."