వైరస్ తీసే ఆవిడ

శనివారం పొద్దున గేటు బయట ఎవరో “ఓడీ, ఓడీ” అని, లోపలికి రావచ్చా అన్నట్టు పిలిచారు.

ఫైనెస్ పిండి చేతులు కడుక్కుని వెళ్ళి చూసింది.

యాభై దాటిన మనిషి. నడుముకి వెలిసిపోయిన గుడ్డ, కాళ్ళకి బురద, మెడలో తాడుకి వేలాడుతున్న పెన్‌డ్రైవ్.

“మీ ఇంట్లో కంప్యూటర్ ఉందటగా అమ్మా. దానికి వైరస్ పట్టిందేమో చూసిపోదామని వచ్చాను.”

జొంబా ఊళ్ళో నవంబరులో మొదలైన ఆ వానాకాలమంతా అదే గోల. కంప్యూటర్లలో దాచుకున్నవన్నీ ఉన్నట్టుండి మాయమవుతున్నాయి. పేర్లు మాత్రం మిగులుతున్నాయి, నొక్కితే ఏదీ తెరుచుకోదు. కాలేజీ దగ్గర జిరాక్స్ షాపులకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళిన ప్రతివాళ్ళకీ అంటుకుంది.

ఫైనెస్ ఇంట్లో మాయమైనవి బిడ్డ ఫొటోలు.

తామండా పదకొండు రోజులే బతికింది. ఫైనెస్ తమ్ముడు ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి తీసిన ముప్పై నాలుగు ఫొటోలు. ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

అవి కనిపించక తొమ్మిది రోజులైంది. ఫైనెస్‌కి ఆ తొమ్మిది రోజులూ ముద్ద దిగలేదు.

అందుకే ముందూ వెనకా చూడకుండా ఆవిడని లోపలికి పిలిచింది.

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టసాగింది. పక్కన ఒక పాత నోటుబుక్కు తెరిచి పెట్టుకుంది.

ఫొటోలు దొరుకుతాయా అని ఫైనెస్ అడిగింది.

“ఎక్కడికీ పోలేదమ్మా. ఆ వైరస్ దేన్నీ చెరపదు, కనపడకుండా దాస్తుందంతే. అరగంట ఓపిక పట్టు.”

ఫైనెస్ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

అప్పుడే భర్త వైసన్ బజారు నుంచి వచ్చాడు. కోర్టులో గుమాస్తా. రోజూ మోసం కేసుల కాగితాలు సర్దే మనిషి. తన కంప్యూటర్ ముందు ముక్కూ మొహం తెలియని మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎంత తీసుకుంటావని అడిగాడు. ఏమీ వద్దంది.

ఎవరు పంపారని అడిగాడు. ఎవరూ పంపలేదంది.

“మరెందుకు చేస్తున్నావు?”

ఆవిడ తల తిప్పకుండా ఇంకో అక్షరం నొక్కింది.

“నాకు తెలుసులే. జబ్బు అంటించేదీ మీరే, మందు పట్టుకొచ్చేదీ మీరే.”

ఆ మాటకి ఆవిడ తల వాలిపోయింది.

వైసన్‌కి అది చాలు. గోడలోంచి వైరు పీకేశాడు. ఆవిడ జబ్బ పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళాడు. పెన్‌డ్రైవ్ మురిక్కాలవలోకి విసిరేశాడు. చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. దొంగది, మొహం గుర్తుపెట్టుకోండి అని అందరికీ చెప్పాడు.

వెళ్ళే ముందు ఆవిడ ఫైనెస్ వైపు చూసి, కంప్యూటర్‌ని ఎవరికీ ఇవ్వొద్దు తల్లీ, అన్నీ తుడిచేస్తారు అంది.

ఫైనెస్ టీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన్ని ఆపాలనుకుంది. గుమ్మం మాత్రం దాటలేదు.

సోమవారం వైసన్ కంప్యూటర్‌ని మార్కెట్ దగ్గర అద్దాల తలుపులున్న కంప్యూటర్ షాపుకి మోసుకెళ్ళాడు. సాయంత్రానికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొత్తం ఫార్మాట్ చేశామని, ఇక ఒక్క వైరస్ కూడా లేదని షాపువాడు రసీదు మీద రాసి మరీ ఇచ్చాడు.

ఫైనెస్ తెరిచి చూసింది.

నిజమే. అందులో ఏమీ లేదు.

తరువాతి ఆదివారం చర్చి దగ్గర ఆమె స్నేహితురాలు లొవెనెస్ మాటల మధ్య చెప్పింది. తన పెళ్ళి ఫొటోలు కూడా అలాగే మాయమయ్యాయట. ఎగ్రీటా అనే పెద్దావిడ ఇంటికొచ్చి అరగంటలో అన్నీ బయటికి తీసిందట. టీ కూడా తాగలేదట. తమ వీధిలోనే తొమ్మిది ఇళ్ళు బాగుచేసిందట.

ఆవిడ ఉండేది చినమ్వాలీ పేటలో అని లొవెనెస్ చెబితే, ఫైనెస్ అక్కడినుంచి అటే వెళ్ళింది. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. తలుపుకి తాళం.

ఎదురుగా కుళాయి దగ్గర బకెట్లు పెట్టుకున్న ఒకామె, ఎగ్రీటా గురువారమే బస్సెక్కి న్చేవు అనే ఊరికి వెళ్ళిపోయిందని చెప్పింది. దొంగ అని ఊళ్ళో పేరు పడిందట. ఇంటి యజమాని ఖాళీ చెయ్యమన్నాడట. ఇక ఏ గేటూ తెరుచుకోలేదట.

“ఎవడో కోర్టు గుమాస్తా. వాడి నోట్లో మన్ను పడ,” అంది.

ఫైనెస్ తల దించుకుంది. తరువాత, ఎగ్రీటా కంప్యూటర్ల పనిలో ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగింది.

“ఆవిడా? బడిలో కుట్లు నేర్పేది. డిసెంబరు దాకా కంప్యూటర్‌ని ముట్టుకుని ఎరగదు. కాలేజీ పిల్లల కాళ్ళావేళ్ళా పడి, నెల రోజులు నేర్చుకుంది. ఇదొక్కటే నేర్చుకుంది.”

“ఒక్క పైసా తీసుకోదు కదా. ఆవిడకెందుకు ఇంత కష్టం?”

ఆమె నిండిన బకెట్ పక్కకి జరిపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“ఊరంతా తిట్టిపోసే ఆ వైరస్‌ని సరదాకి తయారుచేసింది, నవంబరులో మలేరియాతో పోయిన ఆవిడ ఒక్కగానొక్క కొడుకమ్మా.”