వెనక అడ్డకర్ర

హార్‌గ్రీవ్ కొండమీది రైతు ఇంట్లో ఓక్ చెక్క కుర్చీని తలకిందులు చేసి టార్చి వేశాడు. పురాతన వస్తువుల వ్యాపారి అతను; ఇలాంటి పాతకాలపు కుర్చీ కోసం పదేళ్లుగా వెతుకుతున్నాడు.

“కాళ్లు ఆనించుకునే ముందువైపు అడ్డకర్ర అరగనే లేదు. వెనకదానికి మాత్రం గాడి పడింది. పాతదనిపించడానికి ఎవరో ఆకురాయి పట్టారు పెద్దమ్మా.”

“ఈ వెస్ట్‌మోర్లండ్ కొండల్లో కూర్చునే తీరిక ఎవరికుందయ్యా?” అంది ముసలి రైతుమ్మ ఆగ్నెస్.

“నకిలీ సరుకు అమ్మేవాళ్లంతా ఇలాగే కబుర్లు చెబుతారు.”

 ఆమె కుర్చీని పొయ్యి పక్కన నిలబెట్టింది. తల్లి చచ్చిన గొర్రెపిల్లను తెచ్చి, తాడుతో వెనక అడ్డకర్రకు కట్టింది. ఆమె చూపిన పాలసీసా కోసం పిల్ల లాగగానే తాడు జారి గాడిలో ఒదిగింది.

“మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ ఇక్కడే కడతాం.”

హార్‌గ్రీవ్ గొంతు తగ్గింది. “ఎన్ని పౌండ్లయినా ఇస్తాను.”

“నీకు కావలసింది కుర్చీ కదా నాయనా,” అంది ఆగ్నెస్. “ఇది గుంజ.”