పిలవకుండా కట్టిన గోడ

కొండవాలులో మా మడికి పైమడి తయాబన్‌ది. అతను బాగు చెయ్యని రాతిగోడ వానకి కూలి, మట్టితో సహా జారి మా వరినారంతా పూడ్చేసింది. ఈ ఏడు మా తిండి ఆ నారే. రాళ్లు తియ్యమని అమ్మ అడిగితే, "మీ మడి కిందుండటం నా తప్పా?" అని నవ్వాడు.

మిగిలిన గోడ కూడా తోసేద్దామని గునపం తీశాను. అమ్మ లాక్కుంది. "కడదాం పట్టరా," అంది. నాకు ఒళ్లు మండింది. అయినా రాళ్లు అందించాను.

మధ్యాహ్నానికి గోడ నడుమెత్తు లేచింది. చుట్టుపక్కల మడుల్లో జనం పని ఆపేసి మావైపే చూస్తున్నారు. ఒక ముసలామె ఏడుపు కూడా మొదలెట్టింది.

తయాబన్ పరుగెత్తుకొచ్చాడు. "ఆపు వదినా! నిన్నెవరు పిలిచారు? జనం వక్కలు పట్టుకుని మా ఇంటికి పరామర్శకొస్తున్నారు!"

మా కొండ మీద ఒకరి మడిగోడ పక్కవాళ్లు పిలవకుండా కట్టేది ఆ మనిషి చచ్చిపోతేనే; వక్కలు పట్టుకెళ్లేదీ చావింటికే.

"రాళ్లు నేనే తీస్తా. కొత్త నారూ నేనే ఇస్తా. నాతో మాట్లాడు వదినా!"

అమ్మ నావైపు తిరిగింది. "పాపం తయాబన్! ఉన్నన్నాళ్లూ ఒక్క రాయి ముట్టలేదురా," అంది. "ఆ పెద్దది ఇటివ్వు."