మూలుగ మరిచిన ఆటలమ్మ

ఎముకల మూలుగలో పుట్టే కణాలు ఒకసారి చూసిన జబ్బును జన్మంతా గుర్తుపెట్టుకుంటాయట. చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోస్తే మా అమ్మ తొమ్మిది రోజులూ నా చాప పక్కనే కూర్చుంది. తనకు అంతకు ముందే పోసింది కాబట్టి భయం లేదు.

ఇప్పుడు మా హైమకు పోసింది. ఎనిమిదేళ్ళ పిల్ల, తల్లి లేనిది. మా వార్డు నర్సు నాగరత్నం వచ్చి దాన్ని ఇంట్లోనే వేరే గదిలో పడుకోబెట్టి తాళం వేసింది.

“నన్ను లోపలికి వెళ్ళనీయమ్మా. నాకెప్పుడో పోసేసింది. మచ్చలు చూడు,” అన్నాను.

“మచ్చలున్నాయి బాబాయ్, మీ మూలుగకే గుర్తులేదు. కొత్త జ్వరాల్ని గుర్తుంచుకోడానికి చోటు కావాలని మొన్న ఉగాదికి దాన్ని కడిగాం కదా. పాత జబ్బుల గుర్తులు ఉంచమంటారా అనడిగితే మీరేమన్నారు?”

“పాత చెత్త నాకెందుకన్నాను.”

“మరింకేం. ఈ వయసులో పోస్తే ఊపిరితిత్తులకి ఎక్కుద్ది. పిల్లకి మిగిలింది మీరొక్కరే.”

చదువుకున్నవాళ్ళు అడిగితే తలూపడం తప్ప నాకింకేం చేతనయింది గనక.

మూతికి గుడ్డ కట్టుకుని, బూజుకర్రకు వేపమండ కట్టి కిటికీ ఊచల్లోంచి లోపలికి చాపాను. దురద పెట్టిన చోటల్లా మెల్లగా నిమిరాను. పిల్ల జ్వరానికి కదల్లేక అటు తిరిగి పడుకుంది.

“ఇంకొంచెం కింద నాన్నా.”

భుజం దాకా చెయ్యి తోశాను. ఆకులు దాని వీపుకు జానెడు దూరంలో ఊగుతున్నాయి.

“తగిలిందా అమ్మా?”

“ఆఁ, తగిలింది నాన్నా,” అంది హైమ.