చేతికందే బిట్లు

"నా పలక మీద చెయ్యి వేసిందెవరు?"

వడ్రంగి షాపు వెనక గది దద్దరిల్లింది. గోడకేసి చాచిన ముసలాయన చేతికి పలక తగల్లేదు. డ్రిల్లు బిట్లు గుచ్చుకోవడానికి పాతికేళ్ల కిందట బెజ్జాలు పెట్టి ఆయనే చేసుకున్న చెక్క పలక అది. కోడలు దాన్ని దించేసి, ఆ చోట పొడుగాటి అయస్కాంతం పట్టీ బిగించింది. కొత్త బిట్లకు సైజుకో రంగు టేపు చుట్టి వరసగా అతికించింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆయనకు మాత్రం ఒళ్లు మండింది.

రంగు చూసి ఠక్కున తీసుకోవచ్చని కోడలు నచ్చజెప్పబోయింది. రంగులతో పని పెయింటర్లకని ఆయన కసిరాడు. కోడలేం తక్కువ తినలేదు. ఎవరి పద్ధతి చేతికి వాటమో పందెం కట్టి తేల్చుకుందామంది.

"సరేనమ్మా. నేనోడితే రేపట్నించి మిషన్ ముట్టుకోను, ముందు గదిలో కుర్చీలో కూర్చుంటాను. నువ్వోడితే నా గోడ నాకొదిలెయ్యి."

"మాట మీద ఉంటారుగా, మావయ్యా?"

కొడుకు ఇద్దరి వంకా చూశాడు. మిషన్ మోత వినకపోతే తండ్రికి ముద్ద దిగదు. అయినా వీళ్లిద్దరి మధ్య దూరే ధైర్యం ఎవరికుంది? పలకను పాత బిట్లతో సహా పట్టీ పక్కనే తగిలించి, రెండు చెక్కలు తెచ్చాడు. ఒక్కోదానికి ఎనిమిది బెజ్జాలు, సన్నదానితో మొదలుపెట్టి లావుదాకా ఎనిమిది సైజులు. పెన్సిలుతో గుర్తులు పెట్టబోతే ముసలాయన విసుక్కున్నాడు. గీతలు చెరిగిపోతాయట, మేకుతో గుచ్చాలట. కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు, అంత పంతం.

కొడుకు చప్పట్లు కొట్టగానే రెండు పాత బ్యాటరీ డ్రిల్లులు గుర్రుమన్నాయి. బిట్టు తియ్యడం, మార్చడం, బిగించడం, దింపడం. కోడలి చెయ్యి ఎర్ర టేపు నుంచి పచ్చ టేపుకు చకచకా దూకుతోంది. నాలుగు బెజ్జాలయ్యేసరికి ఆమెదే పైచేయి. పెళ్లాన్ని మెచ్చుకోవాలో తండ్రి మీద జాలిపడాలో తెలియక కొడుకు గెంతుతున్నాడు.

ఐదో బిట్టు కోసం ఆమె చెయ్యి చాచేసరికి టప్పున బల్బు ఆరిపోయింది. కిటికీ లేని గది. కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడదు. పట్టీనంతా తడిమింది. వేళ్లకు అన్ని టేపులూ ఒకటే.

పక్కన మాత్రం డ్రిల్లు ఆగలేదు. ఐదు. ఆరు. ఏడు. కోడలికి ఓడిపోతున్న సంగతే గుర్తులేదు, సంబరంతో ఒళ్లు పులకరించింది. ఇంతటి పనితనం ఆమె ఎక్కడా చూడలేదు.

ఎనిమిదో బెజ్జం కూడా పూర్తయింది. డ్రిల్లు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"నా గోడ నాదే. ఏమ్మా, మధ్యలో ఆపేశావేం?"

"కరెంటు పోయింది కదా, మావయ్యా."

చెక్క మీద బెజ్జాలు తడుముతున్న ఆయన చేతి చప్పుడు ఆగింది.

"ఎప్పుడు?" అన్నాడాయన.