చప్పట్ల వరస

శుక్రవారం పొద్దు గూకుతుండగా ఎవరో పెద్దాయన వచ్చి ఎల్కానా చేతిలో ఒక కవరు పెట్టాడు.

ఇజ్రాయెల్‌లోని సఫెద్ కొండమీది ఆ చిన్న యూదుల ప్రార్థనా మందిరంలో పనులన్నీ చూసేది ఎల్కానాయే. దీపాలు వెలిగించేశారు, ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినం, సబ్బాతు, వచ్చేసింది. సబ్బాతున కవరు చించకూడదు. సొరుగులో పడేసి లోపలికి పరుగెత్తాడు.

మందిరానికి యాభై ఏళ్లు నిండాయి. రేపు పక్క వీధి మందిరం వాళ్లంతా వస్తున్నారు. వాళ్ల ముందు ప్రార్థన చివరి పాట అదిరిపోవాలని ఎల్కానా నెల రోజులుగా అందరి ప్రాణాలూ తోడేస్తున్నాడు.

తీరా ఆ రాత్రి పాటను ఈ కవరిచ్చిన పెద్దాయన ఈడ్చేశాడు. అందరూ చప్పట్లు కొడుతూ పాటను పరుగెత్తిస్తుంటే ఆయనొక్కడే వెనకబడి సాగదీశాడు.

ఎల్కానాకు ఒళ్లు మండింది.

"పెద్దాయనా, అది దేవుణ్ణి రాజని పొగిడే పాట. చావింట్లో పాడినట్టు పాడితే ఎట్లా?"

"మొదట్లో రాజేనయ్యా, లోకం పుట్టకముందే ఉన్నవాడు. చివరికొచ్చేసరికి, నిద్రపోతూ మన ఊపిరి ఎవరి చేతిలో పెడతామో ఆయన. అక్కడ నాకు ఏడుపొస్తుంది."

"అంతవాడి చేతిలో పెట్టాక ఇంకా ఏడుపెందుకండీ? చప్పట్లు కొట్టాలి గాని."

 పెద్దాయన మెల్లగా నవ్వాడు.

"అయితే నేర్పు" అన్నాడు.

ఎల్కానా ఆయన్ని భోజనానికి ఇంటికి తీసుకుపోయాడు. చేప ముక్కలు చల్లారిపోతున్నా వదలకుండా ఐదుసార్లు పాడించాడు.

మర్నాడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ పెద్దాయనే. పక్క వీధివాళ్లు కూడా ఉండబట్టలేక గొంతు కలిపారు. ఎల్కానాకు నేల మీద కాలు నిలవలేదు.

కొత్తవాళ్లొస్తే పేరడిగి, గ్రంథం చదివే చోటికి పిలిచి గౌరవించడం అక్కడి మర్యాద. పాట కంగారులో ఎల్కానాకు ఆ ధ్యాసే లేకపోయింది. ఆకాశంలో మూడు చుక్కలు పొడిచి సబ్బాతు ముగియగానే పెద్దాయన బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున సొరుగు లాగితే కవరు కనిపించింది. లోపల పాత కాగితం మీద తమ పాట వరసే, స్వరాలతో సహా రాసి ఉంది. దాని కింద కొత్త సిరాతో కొన్ని మాటలు.

"యాభై రెండేళ్ల కిందట, నా భార్య మంచం పక్కన కూర్చుని కట్టిన వరస ఇది. పోయేముందు, దీన్ని ఒక్కసారి నవ్వుతూ పాడమంది, నావల్ల కాలేదు. మీ దగ్గర చప్పట్లు కొడుతూ పాడతారని తెలిసి, నేర్చుకుందామని వచ్చాను."